లెక్కల పుస్తకం పక్కన ఎవరు కూర్చుంటారు?

వాచకాల్లో కులాన్ని పట్టుకోవడం మనకు అలవాటైన పని. తెలుగు వాచకంలో ఎవరి బతుకుంది, ఎవరి భాషుంది, ఎవరి పండగలున్నాయి అని మూడు దశాబ్దాలకు పైగా అడుగుతున్నాం. అడగడంతో ఆగకుండా 2008లో అన్వేషి పరిశోధన కేంద్రం వాళ్ళు 'డిఫరెంట్ టేల్స్' పేరుతో అట్టడుగు కులాల, ముస్లిం కుటుంబాల బాల్యాల మీద పిల్లల కథల పుస్తకాలు తెచ్చారు. సాంఘిక శాస్త్రం పుస్తకాలనైతే మన విద్యార్థి సంఘాలు పేజీ పేజీ విప్పి నిలదీశాయి. లెక్కల పుస్తకం జోలికి మాత్రం ఎవరమూ పోలేదు. రెండూ రెండూ నాలుగవడానికి కులమేంటి, మాదిగోడు కూడినా బాపనోడు కూడినా నాలుగే కదా అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నవాణ్ణే, పోయినేడు పత్తి తీసే రోజుల్లో మా చెల్లె ఫోన్ చేసేదాకా.

మా చెల్లెది నల్లగొండ జిల్లాలో ఒక ఊరు. మొగుడు ట్రాక్టర్ డ్రైవరు, తను కూలికి పోతుంది. బిడ్డ మండల కేంద్రంలో ఒక చిన్న ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో రెండో తరగతి. మ్యాథ్స్‌లో వీక్, ఇంటి దగ్గర ప్రాక్టీస్ చేయించండి అని బడివాళ్ళు డైరీలో రాసి పంపారు. "అన్నా, ఇంట్ల ప్రాక్టీస్ చేపియ్యాల్నట. నాకేం తెలుస్తది? నువ్వు పెద్ద సదువులు సదివినవు గదా, ఏదన్న మంచి బుక్కు సూసి పంపు" అంది. జ్ఞానానికీ అధికారానికీ ఉన్న సంబంధం గురించి పదిహేనేళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు, ఏడేళ్ళ పిల్లకు ఏ లెక్కల పుస్తకం కొనాలో తెలియదని ఆ రోజే తెలిసింది.

కోఠిలో కొంత, ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొంత తిరిగి ఐదు పుస్తకాలు కొన్నాను. రంగుల బొమ్మల మెంటల్ మ్యాథ్స్ వర్క్‌బుక్కొకటి, రెండో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అని అట్ట మీద వేసుకున్నదొకటి, పిల్లల వేద గణితం, పల్చటి ఎక్కాల పుస్తకం, ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళ రెండో తరగతి 'జాయ్‌ఫుల్ మ్యాథమెటిక్స్'. సంక్రాంతి సెలవుల్లో ఊరికి పోయి ఆ పుస్తకాలు ముందేసుకుని పిల్లతో రోజూ కూర్చున్నాను. ప్రైవేటు ప్రచురణకర్తల పేర్లు రాయడం లేదు. అట్టలు మారినా లోపల సరుకు ఒకటే.

మొదట మెంటల్ మ్యాథ్స్ పుస్తకం. ప్రతి పేజీ నెత్తిన నాలుగు ఖాళీలున్నాయి: తేదీ, పట్టిన సమయం, వచ్చిన మార్కులు, తల్లిదండ్రుల సంతకం. లెక్కల సంగతి తర్వాత, ముందు ఈ ఖాళీలను చదవాలి. పిల్ల లెక్క చేస్తుంటే గడియారం చూసే మనిషి, చేశాక దిద్దే మనిషి, దిద్ది సంతకం పెట్టే మనిషి ఇంట్లో ఉన్నారని ఈ పుస్తకం నమ్మకం. ఆ మనిషికి ఇంగ్లీషు వచ్చు. సాయంత్రం తీరికుంటుంది. కూర్చోవడానికి చోటు, వెలుతురు ఉంటాయి. పుస్తకం చివర జవాబులు లేవు, ఆ మనిషి ఉండగా జవాబులెందుకని కాబోలు. రోజుకు ఇరవై నిమిషాలు పిల్లతో గడపమని వెనక అట్ట మీద సలహా కూడా ఉంది. మా చెల్లె పొద్దున ఆరింటికి వంట చేసి ఆటో ఎక్కితే సాయంత్రం ఆరున్నరకు దిగుతుంది. నీళ్ళు, పొయ్యి, అంట్లు అయ్యేసరికి పిల్ల నిద్రపోతుంది. పత్తి సీజన్‌లో ఆదివారం కూడా పనే.

ఇంటి దగ్గర కాగితాల మీద రోజూ లెక్కలు చేయించే పద్ధతిని ప్రపంచమంతా అమ్మిన కుమాన్ సంస్థ పుట్టుక చూడండి. 1954లో జపాన్‌లో తోరు కుమాన్ అనే హైస్కూలు లెక్కల మాస్టారు, రెండో తరగతి చదువుతున్న తన కొడుకు కోసం చేత్తో లెక్కల కాగితాలు రాసిచ్చాడు. ఆయన్ని తప్పు పట్టేదేం లేదు, చేతనైన ఏ తండ్రయినా చేసే పనే. కాకపోతే ఆ కాగితం వెనక లెక్కల మాస్టారైన తండ్రి ఉన్నాడు. మన బజార్లో దొరికే వర్క్‌బుక్కులో కాగితం మిగిలింది, తండ్రి మాయమయ్యాడు. ఆ లోటును ఎవరింటివాళ్ళు వాళ్ళు పూడ్చుకోవాలి. పూడ్చుకోలేని ఇంటి పిల్లకు బడి పెట్టే పేరు 'వీక్'.

సంతకం సంగతి మా చెల్లెను అడిగాను. ఐదో తరగతి దాకా చదివింది. "సంతకమైతే పెడ్తున్న అన్నా. లోపల ఏమున్నదో నాకెట్ల ఎర్క?" అంది. ఆ మాటకు నాకు మా తాత గుర్తొచ్చాడు. దొర దగ్గర జీతమున్న మనిషి. తాను వేలిముద్ర వేసిన కాగితంలో ఎంత అప్పుందో, ఏడాది చాకిరీకి అందులో ఎంత తెగిందో ఆయనకు చచ్చేదాకా తెలియలేదు. లెక్క చెప్పేదీ పట్వారే, రాసేదీ పట్వారే. కరణాలు, మునసబులు, పటేల్ పట్వారీల పదవులను 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం రద్దు చేసింది. కాగితం ఎవడి చేతిలో ఉంటే వాడి లెక్కే లెక్క అనే పద్ధతిని ఏ ఆర్డినెన్సూ రద్దు చేయలేదు. రెండో తరగతి వర్క్‌బుక్కు సంతకానికీ ఆ వేలిముద్రకూ పోలికేందీ అని మిత్రులు అనొచ్చు. తను చదవలేని లెక్క కింద మనిషి చేత సంతకం పెట్టించుకోవడం, రేపు పిల్లకు రాకపోతే తప్పు సంతకం పెట్టినవాళ్ళ మీదికి నెట్టడం రెండు చోట్లా ఉన్నాయి. బడి ఫీజు కట్టించుకుని నేర్పాల్సిన పనిని ఇంటికి తోసేసిన తీరును ఇంకేమనాలో నాకు తెలియదు.

ఇక 'పట్టిన సమయం'. ఐదు నిమిషాల్లో ఇరవై కూడికలు చేయాలి. పిల్ల మొదటి మూడింటిని వేళ్ళ మీద లెక్కపెట్టి సరిగ్గా చేసింది. నేను ఫోన్‌లో గడియారం చూడటం గమనించి మిగతా పదిహేడింటిలో తోచిన అంకెలు వేసింది. అడిగితే, "బళ్ళె గట్లనే చేస్తం మామా, ఖాళీ పెడితే కొడ్తరు" అంది. ఖాళీ కంటే తప్పు నయమని ఏడేళ్ళకే నేర్చుకుంది. అది నేర్పింది ఆ పుస్తకమే అనను. కానీ పుస్తకం దానికి గడియారాన్ని జోడించింది. ఈ పిల్లకు రానిది కూడిక కాదు, భయం లేకుండా ఆలోచించడానికి కావలసిన నిదానం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

అంబేద్కర్ బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదివేటప్పటి సంగతి ధనంజయ్ కీర్ రాసిన జీవితచరిత్రలో ఉంది. బోర్డు మీద లెక్క చేయమని మాస్టారు పిలిచాడు. ఆయన లేచి నడవగానే మిగతా పిల్లలు గోల చేస్తూ బోర్డు దగ్గరికి ఉరికారు. బోర్డు వెనక వాళ్ళ అన్నం డబ్బాలున్నాయి. అవి మైల పడతాయని తీసుకుని పక్కన పెట్టుకున్నాకే ఆయన్ని సుద్దముక్క పట్టనిచ్చారు. ఈ సంఘటనను మనం సభల్లో చాలాసార్లు చెప్పుకున్నాం, అంటరానితనానికి ఉదాహరణగా. అది లెక్కల క్లాసు కూడా అని ఎప్పుడూ ఆగి చూడలేదు. బోర్డు దాకా నడిచే ఆ పది అడుగుల్లో ఆ పిల్లవాడి తలలో లెక్క ఎంతసేపు నిలిచి ఉంటుంది? ఆ డబ్బాల చప్పుడు మధ్య అతనికి పట్టిన సమయాన్ని ఏ గడియారంతో కొలవాలి? 1990లో మండల్ వ్యతిరేక ఆందోళన జరిగినప్పుడు రోడ్ల మీద చీపుర్లు పట్టుకుని మెరిట్ మెరిట్ అని అరిచినవాళ్ళు చెప్పిన మెరిట్‌లో పెద్ద భాగం, తక్కువ టైములో ఎక్కువ లెక్కలు చేయడమే. ఆ మెరిట్‌కు మొదటి తర్ఫీదు రెండో తరగతి వర్క్‌బుక్కులో మొదలవుతుంది. అందుకని గడియారం పెట్టమనే పుస్తకాన్ని ఈ వయసు పిల్లకు కొనవద్దంటాను. వేగం తర్వాత వస్తుంది, అర్థమైనదాన్ని పదిసార్లు చేస్తే దానంతట అదే వస్తుంది.

ఇదంతా మన పిల్లలొక్కరి గొడవే అనుకోవద్దు. 2024 అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవాళ్ళు 33.7 శాతమే. మూడింట రెండొంతుల మంది పిల్లలు 'వీక్' అయితే వీక్ ఎవరో ఆలోచించాలి.

ఐఐటీ ఫౌండేషన్ పుస్తకం గురించి ఎక్కువ రాయాల్సిందేం లేదు. నాలుగో తరగతి లెక్కల్ని చిన్న అంకెలతో రెండో తరగతిలోకి లాగి, ధర రెండింతలు చేశారు. తండ్రి ఆశకు వేసిన వల అది, మనోళ్ళ ఆశకు మరీను.

వేద గణితం దగ్గర కొంచెం ఆగాలి. ఎందుకంటే మన వాడల్లో చదువుకున్న కుర్రాళ్ళు కూడా ఇది మంచిదేననుకుని ట్యూషన్లలో చెబుతున్నారు. ఈ పేరుతో చలామణీ అవుతున్నదానికి మూలం పూరీ శంకరాచార్యుడు భారతీకృష్ణ తీర్థ రాసిన పుస్తకం. ఆయన 1960లో పోయాడు, పుస్తకం 1965లో అచ్చయింది. అందులోని పదహారు సూత్రాలు తెలిసిన ఏ అథర్వవేద ప్రతిలోనూ దొరకలేదు. ఇందులో వేదమూ లేదు, గణితమని చెప్పుకోదగ్గది కూడా పెద్దగా లేదని ఎస్.జి. దాని అనే గణిత శాస్త్రవేత్త 1993లోనే విప్పి చెప్పాడు. వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం కరిగించి పోయమన్నది గౌతమ ధర్మసూత్రం. ఇయ్యాల అదే వేదం పేరు పెట్టి నూటాయాభై రూపాయలకు మన పిల్లల చేతుల్లో పెడుతున్నారు. డబ్బులిస్తే ఎవరైనా వినొచ్చన్నమాట.

పేరు సంగతి వదిలేసి లోపలికే పోదాం. నూటిలోంచి 37 తీసేయాలంటే అన్నిటినీ తొమ్మిదిలోంచి, చివరిదాన్ని పదిలోంచి తీయమంటుంది సూత్రం. తొమ్మిదిలో మూడు పోతే ఆరు, పదిలో ఏడు పోతే మూడు, 63. జవాబు సరిగ్గానే వస్తుంది. ఎందుకొచ్చిందో పుస్తకం చెప్పదు. మంత్రం నేర్చుకున్నట్టు నేర్చుకోవాలి. ఇదే లెక్క మా ఊరి కిరాణం కొట్టులో చూడండి. వంద నోటిచ్చి 37 రూపాయల సరుకు కొంటే కొట్టు ఆమె మూడు రూపాయలు చేతిలో పెట్టి నలభై అంటుంది, పది పెట్టి యాభై అంటుంది, యాభై నోటు పెట్టి వంద అంటుంది. చేతిలో 63 ఉంటుంది. ఇందులో దాపరికం లేదు. తీసివేత అంటే ఇక్కణ్ణుంచి అక్కడికి ఎంత దూరమో చూడటమని ఆమె ప్రతి గిరాకీకీ చూపిస్తోంది. ఈ పద్ధతికి ఎవరూ సంస్కృతంలో పేరు పెట్టలేదు కాబట్టి పుస్తకం రాలేదు.

ఎక్కాల పుస్తకాన్ని కొత్త విద్యావేత్తలు బట్టీ అని కొట్టిపారేస్తారు. నేను అంత తేలిగ్గా కొట్టిపారేయను. ఇరవై రూపాయలు. నలుగురు పిల్లలు అరుగు మీద కూచుని గొంతెత్తి చదువుకోవచ్చు, పక్కన పెద్దమనిషి అక్కర్లేదు. మా తరంలో వాడ నుంచి లెక్కలు నేర్చి బయటపడినవాళ్ళం దాని రుణం కొంత ఉన్నవాళ్ళమే. రెండో తరగతికి మాత్రం అదే మొదటి పుస్తకం కాకూడదు.

ఇప్పుడు భాష సంగతి. సెలవుల్లో ఒకరోజు పిల్లకు అంకెలు చెబుతూ రాయమన్నాను. 'ఫోర్టీన్' అంటే 41 వేసింది. 'సెవెంటీన్' అంటే 71. బడివాళ్ళు వీక్ అన్నది దీన్ని చూసే అయి ఉంటుంది. మాట మార్చి 'పద్నాలుగు' అన్నాను. 14 వేసింది. 'పదిహేడు' అంటే 17. పిల్ల తప్పు ఎక్కడుందో అప్పుడు కనబడింది. ఇంగ్లీషులో పదమూడు నుంచి పంతొమ్మిది దాకా ఒకట్లు ముందు పలుకుతారు, పది వెనక వస్తుంది. చెవికి నాలుగు ముందు వినబడితే పిల్ల నాలుగే ముందు రాసింది. పిల్ల చెవి సరిగ్గానే పని చేసింది. ఇరవై దాటాక ఇంగ్లీషు తన వరస మార్చి పదులు ముందు పలుకుతుంది, ఆ సంగతి ఎవరూ ఆమెకు చెప్పలేదు. తెలుగులో ఈ గొడవ లేదు. పదకొండు, పన్నెండు కొంచెం మాటు చేసినా, పదమూడు నుంచి పదే ముందు వినబడుతుంది, ఇరవై ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా పదులు ముందు, ఒకట్లు వెనక. స్థానవిలువను పలుకులోనే పెట్టుకున్న భాష మనది. ఇంట్లో మాట్లాడే ఆ భాషను బయట చెప్పుల దగ్గర వదిలి రమ్మని పుస్తకం అంటోంది.

ఇలా అంటున్నానని నన్ను ఇంగ్లీషు మీడియం వ్యతిరేకుల్లో కలపొద్దు. తమ పిల్లల్ని కాన్వెంట్లలో చదివించుకుని మన పిల్లలకు మాతృభాష మహత్యం బోధించే పెద్దల సంగతి మనకు తెలుసు. ఇంగ్లీషు మన పిల్లలకు కావాలి, అందులో బేరం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా వస్తున్నాయి. ఆ ఏర్పాటు ఎందుకు చేసినా, లెక్కలకు సంబంధించినంతవరకు మంచి పనే. పద్నాలుగు పక్కన ఫోర్టీన్ కనబడితే పిల్ల రెండు వరసల్ని పోల్చుకోగలదు. బజారు వర్క్‌బుక్కుల్లో నాకు దొరికినవాటిలో ఒక్కదానికీ ఈ ఆలోచన లేదు. మనం రూపాయి రూపాయి కూడబెట్టి కొనే ప్రైవేటు పుస్తకం కంటే సర్కారు పుస్తకం మెరుగ్గా ఉందనే సంగతి, ప్రైవేటు బడికి పోతేనే గౌరవమనుకునే మా చెల్లెకు చెప్పడానికి నాకు చాలా సేపు పట్టింది.

లెక్కల్లో కనబడే లోకం గురించి మీరు ఊహించగలరు. పుట్టినరోజు కేకు ముక్కలు, పాకెట్ మనీ, సూపర్ మార్కెట్ బిల్లు. ఒక పుస్తకంలో పనిమనిషి ఉంది, ఆమెకు పేరు లేదు, గిన్నెలకు లెక్క ఉంది. దీనికి మన ప్రగతిశీల మిత్రులు చెప్పే మందు, రాహుల్ బదులు ఎల్లయ్య అని పెట్టడం. పేరు మార్చినంత మాత్రాన ఎల్లయ్యకు కేకు వస్తుందా? ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు 2005 చట్రం తర్వాత తెచ్చిన 'మ్యాథ్-మ్యాజిక్' పుస్తకాలు ఇంతకంటే లోతుకు పోయాయి. నాలుగో తరగతిలో పాత సామాను కొని అమ్మే కిరణ్ అనే స్త్రీ వ్యాపారం మీద ఒక పాఠముంది. ఐదో తరగతి చేపలతో, పడవలతో, చేపలు పట్టేవాళ్ళతో మొదలవుతుంది. మన దేశంలో లెక్కల పుస్తకం శ్రమ చేసే మనిషిని పేరు పెట్టి పిలవడం అరుదు, ఆ గౌరవం వాటికివ్వాలి. 2023 నుంచి కొత్త పుస్తకాలు ఒక్కొక్కటే వచ్చి వాటి స్థానాన్ని తీసుకున్నాయి. అయినా నాకొక అనుమానం ఎప్పుడూ ఉండేది. కాలనీ పిల్లలకు కిరణ్ ఒక కొత్త పరిచయం. పాత ఇనుము ఏరే ఇంటి పిల్లకు ఆ పేజీ తెరిచిన రోజు క్లాసంతా తన వైపు తిరుగుతుంది. ఆ క్షణాన్ని మాస్టారు ఎలా దాటిస్తాడన్నది పుస్తకం చేతిలో లేదు.

ఇంకో సంగతి నా సిద్ధాంతానికి అడ్డం వచ్చింది, దాచను. 'జాయ్‌ఫుల్ మ్యాథమెటిక్స్' రెండో తరగతి పుస్తకం సముద్రపు ఒడ్డున ఒక రోజుతో మొదలవుతుంది, వస్తువుల్ని గుంపులు కట్టి లెక్కపెట్టడం అందులో పని. సముద్రం చూడని నల్లగొండ పిల్లకు ఇది ఎందుకని మొదట విసుక్కున్నాను. మా మేనకోడలికి అన్నిటికంటే నచ్చిన పాఠం అదే. బొమ్మలో ఉన్నవి అయిపోయాక ఇంకా గీసి మరీ గుంపులు కట్టింది. మన పిల్లలకు వాళ్ళ వాడే చూపించాలి, వాళ్ళ పనే చూపించాలి అనుకోవడంలో కూడా ఒక కంచె ఉంది. ఆ కంచెను మనమే కడుతున్నామేమో చూసుకోవాలి.

అట్లాగే మన సభల్లో ఈ మధ్య ఎక్కువగా వినబడే మాట ఒకటుంది. శ్రామిక కులాల దగ్గర లెక్క ముందే ఉంది, బడి లెక్క వాళ్ళకు అవసరం లేదు అని. మొదటి సగం నిజం. మా చెల్లె 37 కిలోల పత్తి తీస్తే, కిలోకు 12 రూపాయల చొప్పున పది రూపాయల లెక్కన 370, రెండు రూపాయల లెక్కన 74, మొత్తం 444 అని నడుస్తూ చెబుతుంది. కాగితం మీద అదే గుణకారం వేస్తే చేయలేదు. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో టెరెజిన్హా నూనెస్, డేవిడ్ కర్రాహెర్, అనలూసియా ష్లీమన్ 1985లో ప్రచురించిన పరిశోధన దీని గురించే. వీధుల్లో అమ్ముకునే ఐదుగురు పిల్లల్ని బేరం రూపంలో అడిగితే 98 శాతం లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే లెక్కల్ని కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 శాతమే. కొబ్బరికాయలమ్మే పన్నెండేళ్ళ పిల్లవాడు, ఒక్కోటి 35 అయితే పది కాయలెంత అంటే, 35 పక్కన సున్నా చేర్చలేదు. మూడు కాయలు 105, ఇంకో మూడుతో 210 అని కలుపుకుంటూ 350కి చేరాడు. 2025లో 'నేచర్' పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కలకత్తా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లల మీద చేసిన అధ్యయనం వచ్చింది. బజారు లెక్క వచ్చిన పిల్లలకు బడి లెక్క రాలేదు, బడి లెక్క వచ్చిన పిల్లలకు బజారు లెక్క రాలేదు. అంటే ఒకటి దానంతటదే రెండోది కాదు. పరీక్ష కాగితం మీదే జరుగుతుంది, ప్రోనోటు కాగితమే, కూలి చిట్టా కాగితమే. కాబట్టి ఇంటి లెక్కను పొగిడి ఊరుకోవడానికి మనకు హక్కు లేదు. ఆ పొగడ్తతో పిల్ల ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోలేదు. అభ్యాసం కావాలి, రోజూ కావాలి. ఆ అభ్యాసం ఇంటి లెక్క మీదుగా కాగితం దాకా నడిపించాలి.

అలాంటి పుస్తకం నాకు బజార్లో దొరకలేదు. ఏప్రిల్ 14న మన అంబేద్కర్ యువజన సంఘాలు పిల్లలకు నోటుబుక్కులు, ప్యాడ్లు, వర్క్‌బుక్కులు పంచుతుంటాయి. కొనే ముందు అట్ట కాకుండా లోపల నాలుగు పేజీలు తిప్పి చూడమని కోరుతున్నాను. జవాబులు వెనక ఉన్నాయా, పిల్ల తనంతట తాను సరిచూసుకోగలదా? ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి మెట్టు చిన్నదిగా ఉందా, లేక పదిలోపు కూడిక నుంచి ఒక్కసారిగా వందలకు దూకిందా? ఒకే జవాబుకు రెండు దారులు చూపిస్తుందా? గడియారం ఉంటే పక్కన పెట్టేయండి. ఖాళీల్లో రాసి పారేసే పుస్తకం తమ్ముడికి పనికి రాదు, లెక్క పుస్తకంలో ఉండి జవాబు పలక మీద రాసుకునేది ముగ్గురికి పనికొస్తుంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం 65 రూపాయలు, సర్కారు బడి పుస్తకం అడిగితే పక్కింటి పిల్ల దగ్గరే దొరుకుతుంది. రెండూ ఉంటే సగం పని అయినట్టే.

మిగతా సగానికి మేం ఒక రెండొందల పేజీల నోటుబుక్కు కొన్నాం. ఎడమ పేజీకి 'అమ్మ లెక్క' అని, కుడి పేజీకి 'బడి లెక్క' అని పిల్లే పేర్లు పెట్టింది. రాత్రి అన్నం తినేటప్పుడు మా చెల్లె ఆ రోజు లెక్క ఒకటి నోటితో చెబుతుంది. యాభై నోటిచ్చి 37 రూపాయల నూనె ప్యాకెట్టు, లేకుంటే ఆటో కిరాయి నలుగురికి పంచుకున్నది. అమ్మ ఎట్లా చెప్పిందో పిల్ల ఎడమవైపు రాస్తుంది: 37కు మూడు నలభై, పది యాభై, పదమూడు. కుడివైపు అదే లెక్క నిలువుగా, అప్పు తెచ్చుకుని. రెండూ కలవకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వెతకాలి. మా చెల్లె కూర్చుని దిద్దక్కర్లేదు, పొయ్యి ముందు నుంచే "నాది పదమూడొచ్చింది, నీదెంత?" అంటే చాలు. సంతకం గడి లేదు.

సెలవులు అయిపోయే ముందు రోజు అమ్మ లెక్క పేజీలో ఆ వారం పత్తి కిలోలు రాసుకుంది పిల్ల. 37, 41, 29, 34, 38, 33. పదుల్ని ముందు కలిపింది, 180. తర్వాత వేళ్ళ మీద, గోడ మీద గీతలు పెట్టి ఒకట్లు, 32. మొత్తం 212. ముఠా మేస్త్రి చిట్టాలో రాసింది 203. మా చెల్లె ముందు పిల్లనే అనుమానించింది, "నువ్వే తప్పు కూడినవు, మల్ల చెయ్యి" అని. మూడుసార్లు చేసింది, మూడుసార్లూ 212. నేనూ చేశాను. తొమ్మిది కిలోలు, 108 రూపాయలు. అడుగుతావా అన్నాను. "అడిగితె రేపటి సంది పిలుస్తడా?" అంది మా చెల్లె, నా వైపు చూడకుండా. పిల్ల నిద్రకళ్ళతో వచ్చి, "మామా, నాది రైటేనా?" అంది. రైటే అన్నాను. నోటుబుక్కు మూసి బియ్యం డబ్బా మీద పెట్టి పోయి పడుకుంది. ఆ 108 రూపాయల సంగతి ఇప్పటికీ తేలలేదు.